సికింద్రాబాద్ ఏటా ఒక మెట్టెక్కింది

సికింద్రాబాద్ ఎటు పోతోందో చూడటం నా ఉద్యోగం. ఇరవై ఎనిమిదేళ్లు చూశాను. పోయిన ఏడాది నా మోకాళ్లు రెండూ ఏకగ్రీవంగా తీర్మానం చేసి, ఇక ఆ బండ ఎక్కేది లేదని తేల్చడంతో, యాభై మూడేళ్లకే స్వచ్ఛందంగా విరమించుకున్నాను. వెనకటికి పెళ్లిచూపుల్లో అబ్బాయి ఏం చేస్తుంటాడని మా మామగారు అడిగితే, ఊరు ఎటు కదులుతోందో కొలుస్తుంటాడని మా అమ్మ గర్వంగా చెప్పింది. ఆయన చేతిలోని టీ కప్పు అరగంటసేపు కిందికి దిగలేదు. ఊరి మీద ఆయనకు అనుమానం లేదు, నా మీదే.

కొత్తగా ఈ కొలతల ఉద్యోగాల్లో చేరిన తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నేను చెప్పదగిన ఘనకార్యం ఏదైనా ఉందా అని ఈ మధ్య తీరిగ్గా వెతుక్కున్నాను. దొరకలేదు. ఒక పొరపాటు మాత్రం దొరికింది. ఘనకార్యాలన్నీ కలిపినా దాని మోకాలి దాకా రావు. అందుకని అదే చెబుతాను.

ముందు పని గురించి నాలుగు ముక్కలు. భూమి పైపొర ఒకే ముక్క కాదు. పగిలిన పెంకుల్లా పెద్ద పెద్ద పలకలుగా ఉంటుంది. ఒక్కో పలక తన దారిన తాను జరుగుతుంటుంది. మనం ఎక్కి కూర్చున్న పలక ఈశాన్యంగా, ఏడాదికి సుమారు ఐదు సెంటీమీటర్లు, దాదాపు గోరు పెరిగినంత నిదానంగా పోతూ ఆసియాను భుజంతో తోస్తోంది. ఆ తోపులాటలో మడతలు పడి పైకి లేచినవే హిమాలయాలు. మీరు సీతాఫల్‌మండిలో మంచం మీద బోర్లా పడుకుని ఏడాదంతా ఒక్క పనీ చేయకపోయినా, ఏడాది చివరికి మూడు వేళ్ల వెడల్పు ప్రయాణం చేసి ఉంటారు. టికెట్ కూడా అక్కర్లేదు.

దీన్ని కొలవడానికి తిరుమలగిరి అవతల ఒక ఏనుగంత బండ మీద మాకొక కాంక్రీటు స్తంభం ఉండేది. ఏనుగంత అన్నాను గానీ, ఎండాకాలం మధ్యాహ్నం ఎక్కేటప్పుడు అది పదకొండు ఏనుగులు ఒకదాని మీద ఒకటి నిలబడినట్టుండేది. స్తంభం తల మీద ఉపగ్రహాల మాటలు వినే యాంటెన్నా. దాని మీద తెల్లటి గుండ్రటి మూత. మేమందరం దాన్ని టోపీ అనేవాళ్లం. టోపీ ఎంత జరిగిందో లెక్కగడితే బండ ఎంత జరిగిందో తెలుస్తుంది. బండ ఎంత జరిగిందో తెలిస్తే దేశం ఎంత జరిగిందో తెలుస్తుంది. అంటే దేశం మొత్తం ఆ ఒక్క టోపీ మీద ఆధారపడి ఉందని నేను మా ఇంట్లో చెప్పుకునేవాణ్ణి.

ఆ టోపీని కాపాడే మనిషి మా అటెండర్. నాకంటే రెండేళ్లు పెద్ద, అందుకని అన్నా అని పిలిచేవాణ్ణి. ఆయన నన్ను సార్ అనేవాడు. ఇద్దరిలో సార్ ఎవరో ఈ కథ అయ్యేసరికి మీకే తెలుస్తుంది. మా ఆఫీసులో ఆయన పద్నాలుగేళ్లుగా తాత్కాలిక ఉద్యోగి. ఏటా మార్చిలో 'మరో ఏడాది' అని ఒక కాగితం వచ్చేది. అది వచ్చేదాకా ఆయన ముఖం మబ్బు పట్టి ఉండేది, వచ్చాక ఇంకో ఏడాది ఎండ కాసేది. ఆ బండ మీద కోతుల దండు ఒకటి కాపురం ఉండేది. టోపీ పెట్టిన ఆరేళ్లలో ఒక్క కోతి చెయ్యి కూడా టోపీకి తగలకుండా ఆయన ఒక్క కర్రతో, వంద రకాల అరుపులతో కాపలా కాశాడు. ఆయన అరిస్తే కంటోన్మెంటులో కవాతు చేస్తున్న జవాన్లు సైతం ఆగి అటెన్షన్‌లో నిలబడేవారని నా నమ్మకం.

మొదటిసారి పలకల సంగతి చెప్పినప్పుడు ఆయన బండ మీద కూర్చుని చాలాసేపు బీడీ కాల్చాడు.

"సార్, గీ బండ సుత పోతదా?"

పోతుందన్నాను.

"మరి తిరుమలగిరి బస్టాపు?"

"అదీ మనతోటే వస్తుందన్నా."

"అందరం కల్సి పోతుంటే ఇంక పోయినట్టెట్ల సార్?"

నన్ను రెండేళ్లు శిక్షణకు పంపి, ఆరు లావుపాటి పుస్తకాలు చదివిస్తే తప్ప అర్థం కాని ప్రశ్న అది. ఆయన ఒక బీడీలో తేల్చాడు. పలక మీద నిలబడి పలక కదలికను చూడలేం. దాంతోపాటు కదలని దేన్నో ఒకదాన్ని పట్టుకోవాలి. అందుకే ఉపగ్రహాలు, అందుకే టోపీ.

ఇక అసలు సంగతి. ఆ ఏడాది పెద్దాఫీసు నుంచి ఒక కమిటీ వస్తోందని కబురు వచ్చింది. మా బండ లాంటి కొలత స్టేషన్లలో ఏవి ఉంచాలో ఏవి మూసేయాలో చూస్తారు. ఉంచదలచిన చోట ఒక పక్కా అటెండర్ పోస్టు మంజూరు చేస్తారు. మూస్తే సామానుతో పాటు తాత్కాలిక ఉద్యోగినీ ఇంటికి పంపుతారు. ఆ మాట విన్న రోజు అన్న టీ తెచ్చి నా బల్ల మీద పెట్టి వెళ్లకుండా నిలబడ్డాడు. నేనే చెప్పాను, నీ పోస్టు సంగతి నాకు వదిలెయ్ అన్నా అని. అంత ధీమా ఎందుకంటే, అప్పటికి నేనొక మహత్తర ఆవిష్కరణ చేసి ఉన్నాను.

ఐదేళ్ల గ్రాఫులో, సికింద్రాబాద్ ఏటా ఒక మెట్టు ఎక్కుతోంది.

మిగతా రోజులన్నీ బుద్ధిగా ఈశాన్యంగా పోతున్న ఊరు, ఏడాదిలో ఒకే ఒక్క రోజు, ఉన్నట్టుండి రెండు మిల్లీమీటర్లు పైకి లేచి, అక్కడే నిలబడిపోయేది. ఏడాది తర్వాత మళ్లీ ఒక మెట్టు. వానాకాలంలో నీటి బరువుకు నేల కాస్త కుంగి, తర్వాత లేవడం మామూలే. కానీ అది రోజుల తరబడి నెమ్మదిగా జరుగుతుంది. ఇది పొద్దున లేదు, సాయంత్రానికి ఉంది. పైగా ప్రతిసారీ ఆ రోజు ఒక అరగంట సిగ్నల్ లేదు. కరెంటు పోయి ఉంటుందనుకున్నాను. తర్వాత, కరెంటు పోవడానికి కూడా భూమిలోని ఆ మహాశక్తే కారణమేమో అనుకున్నాను. ఆవిష్కర్తకు ఎన్ని దారులైనా కనిపిస్తాయి.

ఆ మెట్టు ఏటా ఒకే తేదీన రాదు. ఒక ఏడు పది రోజులు ముందు, ఒక ఏడు ఇరవై రోజులు వెనక. రెండు నెలలు బుర్ర బద్దలు కొట్టుకున్నాక ఒక మధ్యాహ్నం చంద్రుడి పట్టిక ముందేసుకుని చూస్తే ఒళ్లు జలదరించింది. ఐదుసార్లూ అమావాస్య దాటిన తొమ్మిదో రోజే. చంద్రుడు సముద్రాన్ని లాగినట్టే నేలను కూడా రోజూ కాస్త లాగుతాడన్నది నిజం. అయితే ఇలా ఏడాదికొక తొమ్మిదో రోజు ఎంచుకుని సికింద్రాబాద్‌ను మెట్టెక్కించడం ప్రపంచంలో ఎవరూ చూడలేదు. నేనే చూశాను. ఇరవై రెండు స్లైడ్లు తయారుచేశాను. చంద్రుడి బొమ్మ ఏడు స్లైడ్లలో ఉంది. మా ఆవిడ అవి చూసి, చంద్రుడు బాగా వచ్చాడు, మీరే ఎక్కడా కనిపించట్లేదు అంది. చివరి స్లైడులో నా ఫోటో కూడా పెట్టాను.

మీకు ఈపాటికి అర్థమైపోయి ఉంటుంది. నాకు ఎందుకు కాలేదో చెబుతాను. మాది చర్చికి వెళ్లే కుటుంబం. మా గోడ మీది క్యాలెండరులో రోజుకొక వాక్యం ఉంటుంది, తిథి ఉండదు. అలాగని దసరా తెలియని వాణ్ణి కాదు. సెలవులు ఇవ్వగానే పిల్లలను తీసుకుని గుంటూరు దగ్గర మా అత్తవారి ఊరికి వెళ్లేవాణ్ణి. సెలవు అంటే నా దృష్టిలో ఏమీ జరగని రోజు. తిరిగొచ్చేసరికి బల్ల మీద స్టీలు డబ్బాలో నా వాటా శనగ గుగ్గిళ్లు ఉండేవి, తాలింపు వేసి, పచ్చికొబ్బరి చల్లి. వాటిని నములుతూనే ఆ గ్రాఫు ముందు కూర్చుని, ఈ మెట్టు ఎలా వచ్చిందబ్బా అని పరిశోధించేవాణ్ణి. ఐదేళ్లు సాక్ష్యం తిన్నాను.

కమిటీ రావడానికి రెండు రోజుల ముందు నా గదిలో బోర్డు మీద ఆ ఐదు తేదీలూ పెద్దక్షరాలతో రాసుకుని ఉపన్యాసం వల్లె వేస్తున్నాను. అన్న టీ తెచ్చాడు.

"గీ తారీఖులెందుకు రాసిండ్రు సార్?"

"ఇవి సికింద్రాబాద్ పైకి లేచిన రోజులన్నా. చంద్రుడు లేపుతున్నాడు."

ఆయన టీ కింద పెట్టి బోర్డు దగ్గరికి వెళ్లాడు. ఒక్కో తేదీ మీద వేలు పెట్టి చూశాడు. నాలుగో దాని దగ్గర ఆగాడు.

"గిది కరోనా ఏడు. ఆ ఏడు ఎవ్వరు రాలే, నేనొక్కన్నే ఆఫీసుకొచ్చి పూజ చేసిన. ఇవన్ని మహర్నవమిలు గద సార్."

"అయితే?"

"ఆయుధపూజ దినాలు. టోపీ తీసి కడిగిన దినాలు."

నాకు ఆ క్షణంలో నిజంగానే భూమి కదిలినట్టనిపించింది. ఐదేళ్ల కొలతల్లో దొరకనంత పెద్ద కదలిక.

ఇద్దరం బండ ఎక్కాం. దారిలో ఆయన చెప్పాడు. ఆఫీసులో మిషన్లకు అందరూ కలిసి పూజ చేస్తారు. కంప్యూటర్లకు బొట్లు, జీపుకు నిమ్మకాయలు, అన్నిటికీ అయ్యాక, పాపం బండ మీది టోపీ ఒక్కటే పూజ లేకుండా ఉంటుందని ఆయన ఒక్కడే పైకి వచ్చేవాడు. బోయిన్‌పల్లి మార్కెట్లో తెల్లారకముందే కొన్న గుమ్మడికాయను భుజాన వేసుకుని ఆ పదకొండు ఏనుగులు ఎక్కేవాడు. టోపీతో సహా యాంటెన్నాను మర తిప్పి తీసి, తుడిచి, బొట్టు పెట్టి, మరకు పసుపు దారం కట్టి, మళ్లీ బిగించేవాడు. నూలు పోగులు పేని పసుపు రాసిన, చిటికెన వేలు సగం లావుండే దారం.

యాంటెన్నా తీశాను. స్తంభానికీ యాంటెన్నాకూ మధ్య, మర చుట్టూ, ఒకదాని మీద ఒకటి నలిగి అణిగిపోయిన ఐదు పసుపు దారాలు. అన్నిటికంటే అడుగున ఉన్నది బూడిద రంగుకు తిరిగింది. దాని పైది వెలిసిన గడ్డి రంగు. అలా పైకి వచ్చేకొద్దీ రంగు తేరి, అన్నిటి మీదిది నిన్న కట్టినట్టు పచ్చగా ఉంది. భూగర్భ శాస్త్రం పుస్తకాల్లో లక్షల ఏళ్ల పొరలను గీసి చూపిస్తారే, అచ్చం ఆ బొమ్మ. చంద్రుడు ఎక్కడా లేడు.

పాత దారం తీసేయలేదేం అన్నా అని అడిగాను.

"దేవుని పేరు మీద కట్టింది సార్. తెంపబుద్ధి గాలె."

బండ మీద కూర్చున్నాం. నేను ఆయన పోస్టుకు తెచ్చిన బలం ఆ మెట్లే. ఆ మెట్లు కట్టింది ఆయనే. ఈ మాట కమిటీకి చెబితే, యంత్రాన్ని తాకిన అటెండర్‌కు పోస్టు ఎవరిస్తారు? చెప్పకపోతే ఇరవై రెండు స్లైడ్ల అబద్ధం దేశం మీదికి పోతుంది. నా బుర్ర ఇలాంటి సమయాల్లో పాదరసంలా పనిచేస్తుంది. కోతులు విప్పాయని రాద్దామన్నాను. కోతులు వచ్చి సంజాయిషీ ఇవ్వవు కదా.

ఆయన నవ్వలేదు.

"ఆరేండ్ల సంది ఒక్క కోతిని రానియ్యలే సార్ నేను. ఇప్పుడు కోతులు తీసినయంటే నేను పండుకున్నట్టే గద. చేసింది చెప్పుండ్రి. చెయ్యంది ఎందుకు నా మీద?"

ఆ మాట తర్వాత నేను కోతుల ప్రస్తావన మళ్లీ తేలేదు. ఇప్పటికీ తేవడానికి సిగ్గే, ఈ కథ కోసం తప్పలేదు.

దారాలు చెదరకుండా కత్తిరించి, నా టిఫిన్ డబ్బా మూతలో పెట్టుకుని మా మేడమ్ గదికి వెళ్లాను. ఆవిడ ఆ వేసవిలోనే బదిలీ మీద వచ్చిన అధికారి. కళ్లద్దాల పైనుంచి చూశారంటే ఫ్యాను కూడా తిరగాలా వద్దా అని అనుమతి కోసం ఆగేది. అంతా విన్నారు.

"గుగ్గిళ్లు ఐదేళ్లూ తిన్నారా?"

"తిన్నాను మేడమ్."

"ఎవరు చేశారు, ఎందుకు చేశారు, పూజ ఎక్కడ చేశారు, ఇవేవీ అడగలేదా?"

"బాగున్నాయని చెప్పాను మేడమ్."

"చెప్పారు. అడగలేదు." కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఎల్లుండి మీరే చెప్పండి. చంద్రుడి స్లైడ్లు తీసేయకండి, అవి కూడా చూపించండి. అటెండర్‌ని కూర్చోబెట్టండి, టీ నేను చెబుతాను ఎవరికైనా."

కమిటీలో ముగ్గురు. పెద్దాయన ఎప్పుడో గోదావరి వైపు నుంచి ఢిల్లీ వెళ్లి స్థిరపడిన మనిషి. తెల్లటి కనుబొమలు, ఒక్కోటి చిన్న పొద అంత. నేను చంద్రుడితో మొదలుపెట్టి, గుగ్గిళ్ల మీదుగా, దారాల దగ్గర ముగించాను. తప్పు నాదేనన్నాను. స్టేషన్ ఇన్‌చార్జి నేను, యాంటెన్నా తాకకూడదని ఆయనకు ఏనాడూ చెప్పలేదు, చెప్పాలని నాకు తోచలేదు. మూలన కుర్చీ అంచు మీద అన్న కూర్చుని ఉన్నాడు, ఎప్పుడు లేవమంటారా అన్నట్టు. ఆ గదిలో నా గుండె చప్పుడు ఒక చిన్న భూకంపంగా తిరుమలగిరిలో నమోదై ఉంటుంది.

పెద్దాయన దారాలు ఇలా ఇమ్మన్నారు. మందం కొలిచే పనిముట్టు ఒకటి తెప్పించుకుని, ఐదింటినీ నలిగిన తీరుగానే పేర్చి కొలిచారు. తర్వాత గ్రాఫులో ఐదు మెట్ల మొత్తం ఎత్తు ఎంతని అడిగారు. చెప్పాను. తలెత్తలేదు. మళ్లీ కొలిచారు. రెండూ వెంట్రుకవాసి తేడాతో ఒక్కటే.

"ఇరవై వేల కిలోమీటర్ల పైన తిరుగుతున్న ఉపగ్రహాలు, మీ స్టేషనూ కలిసి, ఈయన కట్టిన దారం మందం కొలిచాయండీ," అన్నారాయన పక్కవాళ్లతో. "ఈ స్టేషన్‌కి ఇంతకంటే పరీక్ష ఏం పెడతాం?"

తర్వాత గ్రాఫును దగ్గరికి లాక్కుని, ఆ ఐదు రోజులు కాక మిగతా రోజుల గీత మీద పెన్ను మూతతో నెమ్మదిగా నడిచారు. ఎక్కడా కుదుపు లేదు. మెట్లు తీసేస్తే గీత ఈశాన్యానికి తాడు పట్టినట్టుంది.

"ఆ ఒక్క పూట తప్ప ఏడాది పొడుగునా దీన్ని ఎవ్వరూ ముట్టుకోలేదు. అది కూడా ఇందులో రాసే ఉంది," అని మూలకు తిరిగారు. "మీరేనా కాపలా?"

అన్న లేచి నిలబడ్డాడు. "నేనే సార్. కోతులుంటయ్ అక్కడ."

"కనపడుతోంది," అన్నారాయన, గీత మీదే చూస్తూ.

ఆరేళ్లుగా ఆ మనిషి బండ మీద ఏం చేశాడో చూడటానికి నాకు ఇద్దరు కావలసి వచ్చారు, ఒక ఉపగ్రహం, ఒక ఢిల్లీ పెద్దమనిషి. రోజూ ఆయన ఇచ్చిన టీ తాగుతూ నేను చంద్రుణ్ణి చూస్తున్నాను.

స్టేషన్ నిలిచింది. పోస్టు కాగితం మాత్రం పలకల పద్ధతిలోనే, రోజుకు గోరు పెరిగినంత చొప్పున బల్లలు దాటుకుంటూ, పదకొండు నెలలకు వచ్చింది. నాకు ఒక మెమో వచ్చింది, అది వారంలోనే వచ్చేసింది. స్తంభం వద్ద జరుగు కార్యక్రమములు మీకు ఎందుకు తెలియవు అని ప్రశ్న. అడగనందువల్ల అని జవాబు రాశాను. నా ఉద్యోగ జీవితంలో అతిశయోక్తి లేకుండా నేను రాసిన వాక్యం అదొక్కటే.

పోస్టు వచ్చిన ఏడాది దసరాకు నేను గుంటూరు వెళ్లలేదు. మా అత్తగారు ఆ అవమానాన్ని ఈనాటికీ మరవలేదు. మహర్నవమి పొద్దున అన్నతో బోయిన్‌పల్లి వెళ్లి గుమ్మడికాయ కొన్నాను, భుజాన వేసుకుని బండ ఎక్కాను, ఏడుచోట్ల కూర్చున్నాను. టోపీ జోలికి పోకుండా స్తంభం అడుగున పూజ చేశాడాయన. కొత్త దారం స్తంభం నడుముకు కట్టాడు. నేను ఒక పక్కన నిలబడి, నా పద్ధతిలో నేను కళ్లు మూసుకుని కృతజ్ఞతలు చెప్పుకున్నాను. చెప్పుకోవలసిన వాళ్లు ఎక్కువై కాస్త ఆలస్యమైంది. మేడమ్, ఆ కనుబొమల పెద్దాయన, బండ, టోపీ, పక్కనే దారం ముడి వేస్తున్న మనిషి.

సెలవులయ్యాక గ్రాఫు తీసి ఆయనకు చూపించాను.

"ఏమన్న లేచిందా సార్?"

"లేదన్నా. వెంట్రుకంత కూడా లేవలేదు."

ఆయన ముఖంలో చిన్న దిగులు. "అయితే పూజ అందలేదంటరా?"

సాఫీగా ఈశాన్యానికి పోతున్న గీతను వేలితో చూపించాను. "ఇదిగో, ఇంత సుఖంగా ఎన్నడూ పోలేదు. అందింది."

ఆయన తృప్తిపడి స్టీలు డబ్బా మూత తీసి నా ముందుకు జరిపాడు. గుప్పెడు గుగ్గిళ్లు చేతిలోకి తీసుకున్నాక గుర్తొచ్చి ఆగాను.

"ఇవి ఎవరు చేస్తారన్నా?"

"మా ఇంటామె సార్," అన్నాడు. "టోపీ పెట్టిన కాడికెల్లి ప్రతి ఏడు సార్ అడిగిండా అంటది."